పావు తులం ముల్లు

నా పుస్తెలతాడుకు రెండు పుస్తెలతో పాటు పావు తులం బంగారు బిళ్ళ ఒకటి వేలాడేది. అది నా సవతిది. నేను కాపురానికి వచ్చేనాటికి ఆమె జ్వరంతో పోయి రెండేళ్ళయింది. రెండో పెండ్లాం మెడలో మొదటామె పేరిట అంత బంగారం ఉంటే పోయినామె నెమ్మదిగా ఉంటుందని, నా జోలికి రాదని మా అత్తగారి నమ్మకం. ఏటా ఆమె ఫొటో ముందు కొత్త చీర పెట్టి మొక్కించి, ఆ చీర నాతోనే కట్టించేది. ఆమె బంగారు గాజులు నా చేతులకు సరిగ్గా పట్టాయి. ఆమె మూడేళ్ళ బిడ్డ నా చంక దిగేది కాదు గాని, చిన్నమ్మా అనే పిలిచేది. ఆ ఇంట్లో అన్నీ ముందే కుట్టి ఉన్నాయి. నా కొలతలు ఎవరూ అడగలేదు.

మా ఆయనకు వరంగల్ స్టేషన్ రోడ్డులో పత్తి మిల్లు. గింజ తీసే యంత్రాల మోతకు నడివయసు రాకముందే చెవులు పోయాయి. కుడిచెవిలో నోరు పెట్టి అరిస్తే సగం అందేది. మంచివాడే. నా మీద ఒక్కనాడు చెయ్యెత్తలేదు. గొంతెత్తలేదని మాత్రం అనలేను, వినపడని మనిషి ఏం చెప్పినా అరిచినట్టే ఉంటుంది.

బీరువాలో పట్టుగుడ్డలో చుట్టి ఒక ప్లేటు ఉండేది. రికార్డులను అప్పుడు మేం ప్లేట్లనే అనేవాళ్ళం. బిడ్డ పుట్టిన ఏడాది మా ఆయన, నా సవతి హైదరాబాదులో నుమాయిష్ ప్రదర్శనకు పోతే, అక్కడొక దుకాణంలో మనుషుల గొంతును అప్పటికప్పుడు ప్లేటు మీద గీసి ఇచ్చారట. ఆమె అద్దాల గదిలో కూచుని మూడు నిమిషాలు మాట్లాడింది. ఆమె పోయాక ఆయన దాన్ని తాళంచెవి తిప్పే పాత గ్రామఫోను మీద రెండుసార్లు పెట్టాడు. రెండోసారికే ముల్లు గీరి గొంతు గరగరమంది. భయపడి చుట్టి దాచాడు. మా పెండ్లయిన రెండేళ్ళకు, అరవైల మొదట్లో, కరెంటుతో తిరిగే ప్లేయరు కొన్నాడు.

"బిడ్డ తల్లి మాట ఇనాలె," అన్నాడు నాతో. "నువ్వు గూడ రా. నాకు చెవుల్లేవాయె. ఏ ముల్లు మంచిగుందో నువ్వే చెప్పాలె."

హన్మకొండ చౌరస్తాలో రేడియోలు బాగుచేసే ఒకాయన దుకాణానికి మధ్యాహ్నం పూట ముగ్గురం పోయాం. ముల్లును పట్టుకుని, దాని వణుకును కరెంటుగా మార్చే వేలెడంత డబ్బీని కార్ట్రిడ్జి అంటారని అక్కడే తెలిసింది. పెట్టె ఎంత గొప్పదైనా, గొంతు బాగుండటమూ ప్లేటు బతకటమూ దాని చేతిలోనే ఉంటాయట. ఆయన రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి ప్లేయరుతో వచ్చిన క్రిస్టల్‌ది. రెండోది బొంబాయి నుంచి తెప్పించిన విదేశీది, వజ్రపు మొన. దాని శబ్దం పెంచడానికి ఇంకో డబ్బా తనే తయారుచేసి ఉంచాడు.

మా ఆయనకు వినపడదు కనుక దుకాణం ఆయన నాతోనే మాట్లాడాడు. "అమ్మా, ఇది బజారు ప్లేటు కాదు. రేకు మీద లక్క లెక్క మెత్తటి పూత. గ్రామఫోను ముల్లు దీని మీద పది తులాల బరువేస్తది. ఈ క్రిస్టల్‌ది అర తులం. ఈ బొంబాయిది పావు తులం. అర తులందైతే ఒక ఏడాదో, రెండేండ్లో. పావు తులందైతే మీ బిడ్డ పెండ్లి దాంక ఇనొచ్చు. జర సేటుకు మీరే చెప్పున్రి."

పావు తులం అనగానే నా చెయ్యి మెడ మీది బిళ్ళ దగ్గరికి పోయింది.

వేరే ప్లేటుతో పరీక్షిద్దామని ఆయన అంటే మా ఆయన వినలేదు. "నాకు గావాల్సింది ఆమె గొంతు. ఆమెదే పెట్టు." ముందు క్రిస్టల్‌ది పెట్టారు. పీపాలోంచి వచ్చినట్టు ఒక ఆడగొంతు వచ్చింది. మాటలు తెలుస్తున్నాయి, చివర మాత్రం బరబర. ముల్లు ఎత్తాక మొనకు ప్లేటు పూత నుంచి లేచిన నల్లటి నూగు అంటుకుని ఉంది. ఆయన దాన్ని వేలితో తీసి ఊదేశాడు.

తర్వాత బొంబాయిది పెట్టారు. ఆమె దుకాణంలోకి వచ్చింది. అలా తప్ప ఎలా చెప్పాలో నాకు తెలియదు.

"మాట్లాడాల్నా? ఇగ మాట్లాడాల్నా?" నవ్వు. "బిడ్డా, ఏడ్వకు. మీ నాయనకు మిల్లు మోతల నేను జెప్పేది ఒక్కటి ఇనవడదు. అందుకే ప్లేటు మీద జెప్తాన్న. పొద్దుమీకి జల్ది ఇంటికి రమ్మను." మళ్ళీ నవ్వు. ఊపిరి వినిపించింది. గాజులు కదిలిన చప్పుడు వినిపించింది. నేను ఉలిక్కిపడి చెయ్యి కదిపితే నా చేతిమీద అదే చప్పుడు, అవే గాజులు. బరబర ఉండిన చోట, ప్లేటు ఆఖర్లో, అద్దాలవతలి వాళ్ళు వింటున్నారో లేదో తెలియనట్టు ఆమె చిన్నగా అడిగింది: "ఎవలన్న ఇంటాన్రా?"

ఆ మాట నన్నే అడిగినట్టు అనిపించింది. మా ఆయన పెట్టెకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెంపల మీద నీళ్ళు. నా వైపు అతను అలాంటి ముఖంతో ఎన్నడూ చూడలేదు. బిడ్డ పెట్టె వెనక్కి పోయి తొంగిచూసి, "పెట్టెల అమ్మున్నది," అంది. అమ్మ అనే మాట దాని నోట వినడం నాకదే మొదటిసారి.

"ఏది మంచిగున్నది?" అని అరిచాడు మా ఆయన.

నేను క్రిస్టల్‌ది చూపించాను. "ఇదే," అని అతని చెవిలో గట్టిగా చెప్పాను. దుకాణం ఆయన నా ముఖం చూశాడు. పావు తులం ముల్లును దూదిలో పెట్టి డబ్బా మూసేశాడు. భయంతో అలా చేశానని చాన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. భయం నిజమే. కుళ్ళు అంతకన్నా నిజం.

ప్రతి శుక్రవారం పొద్దున పూజ అయ్యాక ప్లేటు పెట్టేవాళ్ళం. అతను పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూచునేవాడు, బిడ్డ ఒళ్ళో. రెండో నవ్వు కాగానే నేను ముల్లు ఎత్తేసి, "అయిపోయింది," అనేదాన్ని. ఆ తర్వాతి మాట క్రిస్టల్ మీద తెలియదని తెలిసినా, దాని దాకా పోనిచ్చే ధైర్యం నాకు లేకపోయింది. ప్రతిసారీ మొనకు నల్లటి నూగు వచ్చేది. అది తుడిచే పని నాదే. ఏం తుడుస్తున్నానో నాకు తెలుసు.

ఏడాది తిరక్కముందే ప్లేటులో గొంతు బొంగురుపోతే బిడ్డ అడిగింది, "చిన్నమ్మా, పెట్టెలమ్మకు సర్ది అయిందా?" ఆ మరుసటి ఏడు మాటలు పోయి వాన చప్పుడు మిగిలింది. మా ఆయనకు అది తెలియదు. అరచేతికి వణుకు తగులుతూనే ఉంది. ఒక శుక్రవారం ఎన్నడూ లేనిది, "ఏమంటాంది?" అని నన్నడిగాడు. బిడ్డ నావైపు చూసింది. నేను అతని కుడిచెవి దగ్గర నోరు పెట్టి, "మాట్లాడాల్నా? ఇగ మాట్లాడాల్నా?" అన్నాను. ఆమె నవ్విన చోట నవ్వాను. ఒక్క మాట పొల్లుపోలేదు. నాకు ఆ ప్లేటు నోటికొచ్చని అప్పుడే తెలిసింది.

ఇక ప్రతి శుక్రవారం అదే పని. ఆమె గొంతును అరగదీసి, ఆమె నవ్వు నేను నవ్వాను. బిడ్డ పెట్టె దగ్గర కూచోవడం మానేసి నా నోటి దగ్గరికి జరిగింది. ఒకరోజు అంది, "చిన్నమ్మా, నీ గొంతు అచ్చం పెట్టెలమ్మ లెక్కనే అయింది." నేను లేచి వంటింట్లోకి పోయి చాలాసేపు ఏడ్చాను.

మర్నాడు ఒక్కదాన్నే హన్మకొండ పోయాను. పావు తులందే కావాలన్నాను. దుకాణం ఆయన తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి బిగించి, ప్లేటును వెలుతురుకు పట్టి చూశాడు. గీతలన్నీ బూడిద రంగుకు తిరిగాయి. లోపలి అంచున రెండు వేళ్ళ వెడల్పు మాత్రం నల్లగా మెరుస్తోంది.

"లేటయిందమ్మా," అన్నాడంతే.

శుక్రవారం ఆ ముల్లు పెట్టాను. వాన చప్పుడు ఇంతకుముందుకన్నా శుభ్రంగా వినిపించింది. అతని చెవిలో నా వంతు మాటలు చెప్పాను, నవ్వాల్సిన రెండుచోట్లా నవ్వాను. ఎప్పటిలా ముల్లు ఎత్తబోయి, చెయ్యి రాక ఆగిపోయాను. వాన ఆగింది. ఊపిరి. గాజులు. నేను భయపడి ఒక్కసారీ తాకనివ్వని ఆ మాట, దుకాణంలో విన్నంత తాజాగా, నా ఇంట్లో, పట్టపగలు వినిపించింది.

బిడ్డ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమన్నది?" అన్నాడు అతను. "ఇంకేమో అన్నది. చేతికి తెల్సింది."

దాచడానికి నా దగ్గర ఇంకేం లేదు. అతని చెవి దగ్గరికి వంగి, ఆమె అడిగినట్టే చిన్నగా అడగబోయాను. చిన్నగా అడిగితే అతనికి వినపడదు. అందుకని ఇల్లు మారుమోగేలా అరిచాను.

"ఎవలన్న ఇంటాన్రా?"

అతను కళ్ళు తెరవలేదు. పెట్టె మీది చెయ్యి తియ్యలేదు.

"ఇంటాన్నే," అన్నాడు, నేనెరిగి మొదటిసారి మెల్లగా. "నేను ఇంటాన్న."