పెద్దమ్మ చెప్పిన ఆమెన్

ఆ రోజుల్లో ప్రార్థన ఎంత పొడుగుంటే విశ్వాసం అంత గట్టిదని నా నమ్మకం. బైబిలు స్కూలు ముగించి అప్పుడే వచ్చాను. సంఘంలో ప్రార్థన వంతు నాదని తెలిస్తే ఆడవాళ్లు పొయ్యి ఆర్పేసి మరీ వచ్చేవారట (ఈ సంగతి పెళ్లయ్యాక మా ఆవిడ చెప్పింది).

మండపేటలో రైసుమిల్లు పక్కనే బతుకంతా గడిపిన మా పెద్దమ్మకు ఆ ఏడాది డాక్టర్లు ఇక మందులు వద్దన్నారు. ఆవిడ ఏడవలేదు, సముద్రం ఒక్కసారి చూపించమంది. బీచిలో జనం మధ్య కాదట, ప్రశాంతంగా చూడాలట. అందుకని సంఘంవాళ్లు కొందరితో కలిసి కాకినాడలో ఇంజను పడవ ఎక్కించి, అఖాతానికీ సముద్రానికీ నడుమ పొడుగ్గా సాగిన ఇసుక దిబ్బకు తీసుకెళ్లాను. ముసురు పట్టిన ఆకాశం, బూడిదరంగు నీళ్లు. దిగింది అఖాతం వైపు. దిబ్బకు అవతల సముద్రం హోరు వినిపిస్తోంది గాని కనిపించదు.

"నీరు తీసేస్తందండి. ఆలస్యమైతే పడవ బురదలో దిగబడిపోద్ది. గబగబా చూసొచ్చెయ్యండి" అన్నాడు పడవతను.

అలాగేనని నేను ప్రార్థన మొదలుపెట్టాను. సృష్టి దగ్గర ఎత్తుకుని, పితరులను దాటి, రాజుల కాలానికి వచ్చేసరికి నా గొంతుకు నేనే కరిగిపోయాను. ఆమెన్ వినబడేదాకా మావాళ్లు కళ్లు తెరవరు. పడవతను కూడా తలగుడ్డ తీసి, తగ్గుతున్న నీళ్లకేసి దిగులుగా చూస్తూ నిలబడ్డాడట (ఇది పెద్దమ్మ చెప్పింది, అంటే ఆవిడ కళ్లు మూసుకోలేదన్నమాట). ఇంతలో పక్కనుంచి గట్టిగా "ఆమెన్" అని వినిపించింది. అలవాటుకొద్దీ అందరూ అనేశారు. నేనూ అనేశాను. చూస్తే పెద్దమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని దిబ్బ ఎక్కేస్తోంది.

పరుగెత్తి అందుకుని, ప్రార్థన అవలేదన్నాను.

"ఆయన విన్నాడులేరా. మిగతాది ఇంటికెళ్లి చెప్పుకో."

అవతల సముద్రమూ బూడిదరంగే. "ఇంతుందా" అంది. పడవతను కేకేసేదాకా నా చెయ్యి వదల్లేదు.

వానాకాలం వెళ్లకముందే ఆవిడ ప్రభువు దగ్గరకు వెళ్లిపోయింది. సమాధి దగ్గర ప్రార్థన నాదే. రెండు మాటలు చెప్పి ఆగాను. మిగతాది వింటామని అందరూ మర్యాదగా కళ్లు మూసుకునే ఉన్నారు.

ఇప్పుడు పాస్టర్ని నేనే. నా ప్రార్థనలు మరీ పొట్టివని పక్క సంఘంవాళ్లు దెప్పుతుంటారు. మధ్యలో ఒకచోట ఆగి పక్కకు చెవి పెడతాను. ఎవరూ అనరు. లోలోపల నవ్వుకుని, ఆమెన్ నేనే అనేస్తాను.