నీళ్లు నిండుగా ఉన్నా కాగిన ఇంజను

ధర్మవరంలో ఉన్న తన అక్కను చూసి వద్దామని మా అత్త తనంతట తానే అడిగిన రోజు నేను నమ్మలేకపోయాను. ఆ అక్కాచెల్లెళ్లకు మాటలు లేవు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికే లేవు. మా మామ పోయినప్పుడు ఆ అక్క వచ్చింది, జనాజా లేచేదాకా ఒక మూల కూర్చుంది, మా అత్తతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఇప్పుడు ఆమె జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన ఉందని చుట్టాలెవరో ఫోనులో చెప్పారు.

"ఆదివారం నీకు బడి ఉండదు కదమ్మా, కార్లో పోయొస్తామా?" అంది మా అత్త, ఉల్లిగడ్డ తరుగుతూ, నా వైపు చూడకుండా.

మా ఇల్లు హిందూపురంలో. నేను పక్కనే ఉన్న పరిగిలో టీచర్ని. మా ఆయన బెంగళూరులో పని చేస్తాడు, సెలవు దొరికినప్పుడు వస్తాడు. అందుకని ఇంట్లో ఉన్న పాత చిన్న కారు నడిపేది నేనే. నడపడం వచ్చు గానీ బానెట్ కింద ఏముందో ఎప్పుడూ చూడలేదు.

ఆ ఆదివారం పెనుకొండ కొండ కనబడుతుండగా వేడి చూపించే ముల్లు పైకి లేచింది. మొదట ముల్లు చెడిపోయిందేమో అనుకున్నాను. కాసేపటికి ముందునుంచి తియ్యటి వాసన, ఆ తర్వాత ఆవిరి. కారు పక్కకు ఆపాను. మా అత్త సీసా తీసుకుని దిగి, "మూత తీయమ్మా, నీళ్లు పోస్తాము" అంది. వేడి మీద మూత తీస్తే మొహం మీదికి చిమ్ముతుందని ఎక్కడో విన్నాను. చల్లారేదాకా ఇద్దరం చింతచెట్టు కింద నిలబడ్డాము. మమ్మల్ని చూసి ఆగిన లారీ డ్రైవరు ఒకాయన తొంగి చూసి, రేడియేటరు మీది రబ్బరు గొట్టం చీలిందని చెప్పి, దానికి టేపు చుట్టి, నీళ్లు పోసుకుంటూ మెల్లగా ఇంటికి పొమ్మన్నాడు. ఆగుతూ ఆగుతూ వెనక్కి వచ్చాము. దారంతా మా అత్త ఒకటే అనుకుంటూ ఉంది, "పోవద్దని చెప్తాండాడేమో దేవుడు."

మా వీధి మెకానిక్కు ఊళ్లో లేడు. ఇంకో చోటికి తీసుకుపోదామంటే దారిలో మళ్లీ కాగుతుందని భయం. మా ఆయనకు ఫోను చేస్తే, "గొట్టం మార్చేది పెద్ద పనేం కాదు. వీడియోలు ఉండాయి. నేను చూసి చెప్తా, నువ్వు చెయ్యి" అన్నాడు. కొత్త గొట్టం, ఇంజనును చల్లబరిచే కూలెంటు డబ్బా కొనుక్కొచ్చాను.

సెలవు రోజు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాను. కింద టబ్బు పెట్టి గొట్టం క్లిప్పు వదులు చేస్తే ఆకుపచ్చ నీళ్లు కారాయి. "షర్బత్తు మాదిరి ఉండాదే" అంది మా అత్త వంగి చూస్తూ. అది విషమని చెప్పగానే ఇంట్లోకి పరిగెత్తి చెక్క తెచ్చి టబ్బు మీద మూసింది. పక్కింటి కోళ్లు అటే తిరుగుతాయి మరి. పాత గొట్టం అతుక్కుపోయి ఒక పట్టాన ఊడలేదు. నేను ఇటు, ఆమె అటు పట్టుకుని మెలిపెడితే ఊడి, ఇద్దరం వెనక్కి పడబోయాము. కొత్తది తొడిగి, క్లిప్పులు బిగించి, ప్లాస్టిక్ ట్యాంకులో గుర్తు గీత దాకా కూలెంటు పోశాను. ఇంతేనా అనుకున్నాను.

స్టార్టు చేశాను. కొంతసేపటికి ముల్లు మళ్లీ పైకి లేచింది.

ఆపి చూస్తే ఎక్కడా చుక్క కారడం లేదు. ట్యాంకులో నీళ్లు గీత దాకా అట్లే ఉన్నాయి. గుడ్డ అడ్డం పెట్టుకుని తాకి చూస్తే పై గొట్టం కాలిపోతోంది, కింది గొట్టం చల్లగా ఉంది. నీళ్లు నిండుగా ఉంటే ఎందుకు కాగాలి? ఒకే ఇంజనుకు ఒక గొట్టం నిప్పు, ఒక గొట్టం నీరు ఎట్లా అవుతాయి? మా ఆయనకు చెప్పాను.

"లోపల గాలి చిక్కుకుని ఉంటాది" అన్నాడు. "మూత తీసి పెట్టి ఇంజను ఆడించు." కాసేపాగి మళ్లీ ఫోను చేశాడు. "ఇంకో వీడియోలో ఒకడు మూత వేసే ఉంచమంటాండాడు."

"రెండిట్లో ఏది చేయాల?"

"అదే నాకూ అర్థం కాలేదు. చల్లగా ఉన్నప్పుడైతే తీసినా పర్వాలేదనుకుంటా. అన్నట్టు, హీటరు ఫుల్లుగా పెట్టమన్నారు ఇద్దరూ."

"ఈ ఎండలోనా?"

"ఏమో, ఇద్దరూ అదే చెప్పినారు."

ఇంజను చల్లారేదాకా కాచుకున్నాము. మా అత్త కారు చుట్టూ తిరిగి చూసి అడిగింది, "మూత బిగించే ఉండాది, గొట్టాలు బిగించే ఉండాయి. గాలి యాడనుంచి దూరింది?" గొట్టం మార్చేటప్పుడు నీళ్లు పోయిన చోటల్లా గాలి వచ్చి కూర్చుంటుందనీ, పైన నీళ్లు పోసినంత మాత్రాన అది కదలదనీ నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నేనూ మూత, గొట్టాలు మళ్లీ తడిమి చూశాను.

గాలి పైకి పోతుంది కాబట్టి ముందు భాగం ఎత్తులో ఉండాలన్నాడు మా ఆయన. గేటు ముందరి బండల వాలు మీదికి కారు ఎక్కించి, చేతిబ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టాను. సన్న గొట్టం మీద ఒక చిన్న ప్లాస్టిక్ మర కనబడింది. పొద్దున అది విరిగిన ముక్కేదో అనుకుని వదిలేశాను. దాన్ని కొంచెం తిప్పగానే బుస్సుమని గాలి, వెంటనే నురగ, ఆ తర్వాత ఆగుతూ ఆగుతూ నీళ్లు. సన్నటి ధార వచ్చేదాకా చూసి బిగించాను. ట్యాంకులో నీళ్లు సగానికి దిగిపోయాయి.

"ఎవరు తాగినారు ఇప్పుడు?" అంది మా అత్త నిజంగానే భయపడి.

మళ్లీ పోశాను. ఆమె పై గొట్టం పిసికింది, ట్యాంకులో బుడగలు లేచాయి. మళ్లీ పోశాను. బుడగలు ఆగాక మూత బిగించి స్టార్టు చేసి, హీటరు పూర్తిగా తిప్పాను. మొదట చల్లటి గాలి వచ్చింది. కాసేపటికి ఏదో గుడగుడమంది, వేడి నీళ్లు హీటరుదాకా చేరినట్టుంది, ఉన్నట్టుండి సెగ కొట్టింది. ఎండాకాలం మధ్యాహ్నం, కారులో పొయ్యి. చెమటలు కారుతుంటే ముల్లు వంక చూస్తూ కూర్చున్నాము. అది మధ్యలో నిలబడింది. ముందర ఫ్యాను ఠక్కున తిరిగేసరికి మా అత్త ఎగిరిపడింది. కొంతసేపు తిరిగి దానంతట అదే ఆగింది. ముల్లు కదల్లేదు.

బాగయింది. వాలు వల్లనా, మర వల్లనా, గొట్టం పిసకడం వల్లనా, ఇప్పటికీ నాకు తెలియదు. బండ మీద ఒక రబ్బరు వాషరు మిగిలిపోయి ఉంది. అది ఎక్కడిదో కూడా తెలియదు.

తర్వాతి ఆదివారం మళ్లీ బయలుదేరాము. పెనుకొండ దాటేదాకా నేను రోడ్డు కంటే ముల్లునే ఎక్కువ చూశాను. మా అత్త కూడా దాన్నే చూస్తూ కూర్చుంది. ధర్మవరం దగ్గర పడేకొద్దీ, "పోయి ఏమని మాట్లాడాల?" అని ఒకసారి, "మొహం తిప్పుకుంటే ఎట్ల?" అని ఇంకోసారి అంది.

ఆమె అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మమ్మల్ని చూసి, "ఇప్పుడా వచ్చేది?" అంది.

"పోయిన వారమే బయల్దేరినాక్కా. కారు కాగిపోయింది."

"కారు ఏంటికి కాగుతాది?"

మా అత్త మంచం అంచున కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. గొట్టం చీలిందని, నీళ్లుండి కూడా కాగిందని, లోపల గాలి దాక్కుందని. సగం తప్పే చెప్పింది. నేను సరిదిద్దలేదు. ఆ పెద్దామె మధ్య మధ్య ప్రశ్నలు వేస్తూ శ్రద్ధగా వింది. "గాలి ఎట్ల దూరిందే?" అని ఆమె కూడా అడిగింది. తర్వాత మాటలు ఎటు మళ్లాయో నేను గమనించలేదు. నేను టీ పెట్టుకుని వచ్చేసరికి మా అత్త ఆమె తల దువ్వుతూ ఉంది.

తిరుగు దారిలో అడిగాను, "అసలు ఎందుకు పోట్లాడుకున్నారత్తా?"

"చెల్లెలు ఏదో అన్నాదని ఆమె, అక్క ఏదో అన్నాదని నేను. ఏమన్నామో జ్ఞాపకం రాలేదమ్మా. ఆమెకు జ్ఞాపకముంటాదేమో. నేను అడగలే."

వచ్చే ఆదివారం కూడా పోదామంది. సరేనన్నాను.