పదకొండు మైళ్ళ తేడా

దయ్యాల గురించి నా అభిప్రాయమూ, ఉదయగిరి నుంచి ఆత్మకూరు రావలసిన సాయంత్రం బస్సు గురించి నా అభిప్రాయమూ ఒకటే. వస్తుందని చెప్పేవాళ్ళే గాని, కళ్ళారా చూసినవాళ్ళు నాకు తగల్లేదు. నేను లెక్కల్లో బీఎస్సీ చదివాను. ఆత్మకూరులో ట్యూషన్లు చెప్పుకుని బతికాను. శ్మశానం పక్కనుంచి సైకిలు మీద వెళ్ళినప్పుడు కూడా నా భయమంతా కుక్కల గురించే. ఇదంతా ముందే ఎందుకు చెప్పుకుంటున్నానంటే, కింద రాసింది చదివాక మీరు నన్ను ఆ చెప్పేవాళ్ళలో కలిపేస్తారని.

ఇది తొంభైల మధ్యలో జరిగింది.

ప్రభుదాసు, నేను ఆత్మకూరులో ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్నాం. తర్వాత అతను ఉదయగిరి దగ్గర ఒక పల్లెలో పంతులయ్యాడు. వాళ్ళ నాయన ఏసురత్నం జీపు డ్రైవరు. ప్రభుదాసుకు ఆరేళ్ళప్పుడు ఒక రోడ్డు కాంట్రాక్టరు వెంట అండమాన్ దీవులకు వెళ్ళాడు. అక్కడ అడవిలో రోడ్డు వేస్తున్నారు. రెండో ఏడు జ్వరం వచ్చి పోయాడు. చివరి క్యాంపు దగ్గరే పూడ్చామని ఉత్తరం వచ్చింది. కొన్ని నెలలకు ఒక రేకుపెట్టె వచ్చింది.

పెట్టెలో ఒక ఖాకీ చొక్కా, గడ్డం గీసుకునే కత్తి, చిన్న బైబిలు, టైరుతో కుట్టిన ఒక చెప్పు ఉన్నాయి. ఒకటే చెప్పు, కుడికాలిది. రెండోది ఏమైందో ఎవరూ రాయలేదు. ప్రభుదాసు వాళ్ళమ్మ ఆ పెట్టెను మంచం కింద పెట్టుకుంది. చిన్నప్పుడు వాళ్ళింటికి వెళితే నేను కూడా ఆ చెప్పు చూశాను.

ఆయన రాసిన ఉత్తరాలు తొమ్మిది. వాటిలో ప్రేమ, బెంగ లాంటి మాటలు వెతికితే దొరకవు. మైళ్ళు దొరుకుతాయి. పడవ దిగిన చోటు నుంచి మొదటి దినం ముప్పై మైళ్ళు, బురద. రెండో దినం ఇరవై ఎనిమిది, వెదురు వంతెన. మూడో దినం ముప్పై రెండు, చివరి క్యాంపు, ఎప్పుడూ వాన. అక్కడ వాగు పక్కన ఎడమ చేతికి ఒక చదును బండ, దాని మీద కూర్చుని బండ్ల కోసం చూస్తుంటాను. ఆఖరి ఉత్తరంలో మాత్రం ఒక్క వాక్యం ఎక్కువ రాశాడు: పిల్లోడు పెద్దయినాక ఈ దోవంతా జీపులో తిప్పి చూపించాల.

ప్రభుదాసు పెద్దయ్యాడు. ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి. గుండె కవాటం ఒకటి చెడిపోయిందని తెలిసింది. ఆ సంక్రాంతి సెలవుల తర్వాత ఒక ఆదివారం, చర్చి నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చి, వేసవిలో అండమాన్ పోయి మూడు రోజులు జీపులో తిరిగి వద్దామన్నాడు. వాళ్ళ నాయనను పూడ్చిన చోట ఒక్కసారి నిలబడాలి. అతనికి కావలసింది అంతే.

ప్లానింగు ఉదయగిరిలో మస్తాన్ షెడ్డులో మొదలైంది. మస్తాన్ మెకానిక్కు. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత జీపు ఒకటి అతని దగ్గర ఉండేది. దాని మీటరు కూడా మైళ్ళలోనే తిరిగేది. స్కూలు అట్లాసులో అండమాన్ దీవులు తాలింపు వేస్తూ ఒలకబోసిన ఆవాల్లా ఉన్నాయి, రోడ్లు లేవు. కాబట్టి తొమ్మిది ఉత్తరాలే మాకు మ్యాపు. స్టెప్నీలు రెండు, డీజిలు క్యాన్లు నాలుగు, బురదలో చక్రాల కింద వేయడానికి చెక్కలు, మోకు, టార్పాలిను, మలేరియా మాత్రలు, నిమ్మకాయ ఊరగాయ అని ప్రభుదాసు జాబితా రాశాడు. ప్రతి ఆదివారం దాన్ని కొత్త కాగితం మీద ఎత్తి రాసేవాడు.

"జీపుని ఓడెక్కిస్తే అది ఈద్దా అయ్యోరా?" అని మస్తాన్ అడిగాడు.

"నీ జీపు రోడ్డు మీదనే ఈదుతుంటాది గదరా" అన్నాడు ప్రభుదాసు. నవ్వితే ఆయాసం వచ్చి బెంచీ పట్టుకున్నాడు.

మార్చిలో నెల్లూరు తీసుకెళ్ళాను. డాక్టరు అతన్ని లోపల కూర్చోబెట్టి నన్ను వరండాలోకి పిలిచాడు. మెట్లు ఎక్కనివ్వద్దన్నాడు. నేను ఓడ సంగతి ఎత్తాను. ఆయన నన్ను కూడా పరీక్ష చేయాలా అన్నట్టు చూశాడు. జాగ్రత్తగా ఉంటే ఆరు నెలలు అన్నాడు.

ఆ రోజు నుంచి ప్లానింగులో నేను చాలా చురుగ్గా పాల్గొన్నాను. జరగని ప్రయాణానికి ఏర్పాట్లు చేయడం తేలిక. మద్రాసు ఓడ ఆఫీసుకు ఉత్తరం రాశానన్నాను, రాయలేదు. మే నెలకు టికెట్లు లేవని జవాబొచ్చిందన్నాను. ప్రభుదాసు అన్నిటికీ తల ఊపాడు. నన్ను ఎప్పుడూ అనుమానించలేదు, అందువల్ల నాకు పెద్దగా శ్రమ ఉండేది కాదు.

ఏప్రిల్ ఆఖర్లో అతని కాళ్ళు వాచాయి. ఇంక ఆగలేనన్నాడు. అప్పుడు నాకు ఒక తెలివి పుట్టింది. ఓడెక్కే ముందు ఇక్కడే ఒకసారి రిహార్సలు చేద్దామన్నాను. అవే మూడు రోజులు, అవే మైళ్ళు, రోడ్డు ముట్టకుండా బండి బాటల్లో. ఆత్మకూరు బస్టాండే పోర్ట్‌బ్లెయిరు. సముద్రం కావాలంటే సోమశిల డ్యాం నీళ్ళున్నాయి. మూడో రోజు మీటరు ముప్పై రెండు చూపించిన చోట ఆపుదాం, అదే చివరి క్యాంపు.

ప్రభుదాసు నా ముఖం చాలాసేపు చూశాడు. "సరే, ఇదన్నా చేద్దాం" అన్నాడు. ఆ 'అన్నా' నాకు అప్పుడు వినపడలేదు.

మే రెండో వారంలో బయలుదేరాం. జీపు వెనక పరుపు వేసి అతన్ని పడుకోబెట్టాం. మొదటి రోజు అనంతసాగరం మీదుగా సోమశిల నీళ్ళ అంచు దాకా చుట్టి ముప్పై మైళ్ళు పూర్తి చేశాం. బురద లేదు, దుమ్ము ఉంది. రెండో రోజు ఇరవై ఎనిమిది మైళ్ళు తిరిగి వింజమూరులో తేలాం. వెదురు వంతెనకు బదులు ఒక రైతు తెగిపోయిన కాలవ మీద పరిచిన తాటిదుంగలు దాటాం. దాటుతుంటే ప్రభుదాసు లేచి కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఆ మూడు రోజుల్లో సంతోషం అంటూ ఉంటే అదొక్కటే.

మూడో రోజు మస్తాన్ లేడు. కలువాయిలో వాళ్ళ బంధువుల నిఖా ఉందని ముందురోజు సాయంత్రం బస్సెక్కాడు. కాబట్టి బండి నేనే నడిపాను. పొద్దున ఏడు గంటలప్పుడు వింజమూరులో టీ తాగి మీటరు అంకె నోటుబుక్కులో రాసుకున్నాను. ముప్పై రెండు మైళ్ళు పూర్తిగా వెళ్ళాలనే అప్పటి నా ఉద్దేశం. ఇది గుర్తుంచుకోండి.

పదకొండు గంటలకు ఉదయగిరి కొండల కింద ఏటవాలు నేలలో గతుకుల బాటలో ఉన్నాం. వెనక్కి చూస్తే ప్రభుదాసు పెదాలు నీలంగా ఉన్నాయి. "ఎన్ని మైళ్ళు రా?" అని రెండుసార్లు అడిగాడు. మీటరు ప్రకారం ఇరవై ఒకటి. ఇంకో పదకొండు మైళ్ళు ఈ గతుకుల్లో పడితే నేను తిరిగి తీసుకెళ్ళేది మనిషిని కాదనిపించింది. ముందు ఒక ఎండిన వాగు, ఎడమ పక్క ఒక చదును బండ కనిపించాయి. ఆ నేలలో చదును బండలకు కరువేం లేదు, పొద్దుటి నుంచి వంద దాటొచ్చాం. అక్కడే బ్రేకు వేశాను.

"వచ్చేసినాం. ముప్పై రెండు" అన్నాను.

వేపచెట్టు నీడలో మేకలు కాస్తూ ఒక అవ్వ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి కర్ర ఆనించుకుని లేచింది.

"ఇప్పుడా రావడం? ఆయన పొద్దుట్నుంచి కూసోని కూసోని ఇప్పుడే పాయ."

నేను నవ్వాను. "ఎవురవ్వా, కలెక్టరా?"

"కలెక్టరు ఖాకీ చొక్కా ఏసుకుంటాడా? డ్రైవరంట. నా పిలకాయ జీపులో వస్తాడు, ఇయ్యాల మూడో దినం, ఈడికి చేరాల అన్నాడు. ఈ బాటన జీపు యాడొస్తాదయ్యా అన్నాను నేను. వస్తాది అన్నాడు." ఆవిడ బండకేసి చూపించింది. "తడిసి ముద్దయి ఉండాడు. యాడ నానినావు నాయనా అంటే, ఆడ వాన అన్నాడు."

మే నెల. మా వైపు బావుల్లోనే నీళ్ళుండవు. నేను దిగి బండ దగ్గరికి వెళ్ళాను. ఒక మనిషి కూర్చునేంత మేర తడిగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను. అంచుల నుంచి ఆరిపోతూ ఉంది.

ప్రభుదాసు జీపు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖం ఎలా ఉందని అడగలేదు. ఎత్తెంత అని అడగలేదు.

"అవ్వా, కాళ్ళకి చెప్పులుండాయా?"

"ఒక కాలికే ఉండె. ఎడం కాలికి. రెండోది ఏందయ్యా అంటే, ఇంట్లో ఉండాది అన్నాడు."

 

ఏ పక్కకు వెళ్ళాడని ప్రభుదాసు అడిగాడు. అవ్వ వాగు పైకి చెయ్యి చూపింది. అతను ఒక పది అడుగులు వేశాడు, ఆపైన చాతకాలేదు. తిరిగొచ్చి ఆ బండ మీద కూర్చున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనో, మాటలో నాకు తెలియదు. నేను జీపు దగ్గరికి పోయి రేడియేటరులో నీళ్ళు చూశాను. నీళ్ళు నిండుగా ఉన్నాయి. రెండోసారి కూడా చూశాను. అరగంట తర్వాత "పోదాం పా రా" అని అతనే పిలిచాడు.

ఆ తర్వాత ఓడ మాట ఎత్తలేదు. ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మకు జరిగిందంతా చెప్పాడు. ఆవిడ మంచం కింద పెట్టె లాగి, ఆ చెప్పు తీసి, పెరట్లోకి తీసుకెళ్ళి కడిగి ఎండబెట్టింది.

వారం తర్వాత మస్తాన్‌ను తీసుకుని మళ్ళీ అక్కడికి వెళ్ళాను. అవ్వ అవే మాటలు అలాగే చెప్పింది. తను మేకలు తోలుకొచ్చేసరికే ఆయన బండ మీద ఉన్నాడంది. అంటే పొద్దున ఏడు గంటలకు. ఎవరైనా లారీ డ్రైవరా అని అడిగితే, ఈ బాటన లారీ నువ్వే చూపీ అంది. మస్తాన్ ఆ రోజు కలువాయిలోనే ఉన్నాడని పెళ్ళికి వచ్చిన వాళ్ళంతా చెప్పారు. చెప్పు సంగతి వాళ్ళ చర్చి సంఘంలో కొందరికి తెలుసు, ఎవరో అవ్వ చెవిన వేసి ఉండవచ్చు. ఆ తడి, ఆవిడే మేకలకు తెచ్చిన నీళ్ళు ఒలకబోసి ఉండవచ్చు. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను.

అక్కడి నుంచి మస్తాన్ చేత మిగిలిన పదకొండు మైళ్ళూ నడిపించాను. ముప్పై రెండు చూపించిన చోట ఒక ఎండిన కుంట ఉంది. చుట్టూ కంపచెట్లు. మనిషి లేడు, బండ లేదు. మూడు ఊళ్ళలో అడిగాను. ఆ రోజు అక్కడ ఎవరూ ఎవరికోసమూ చూడలేదు.

అక్టోబరులో వానలు పడుతుండగా ప్రభుదాసు పోయాడు. పోయే ముందు వారం ఆసుపత్రిలో పక్కన కూర్చుని ఉన్నాను. కళ్ళు మూసుకునే ఉండి అడిగాడు.

"రే, ఆ పొద్దు మీటరు ముప్పై రెండేనా?"

"ముప్పై రెండే" అన్నాను.

నవ్వాడు. "పోనీలేరా. నాయన డ్రైవరు గదా. బండి యాడ ఆగతాదో ఆయనకు తెలీదా?"

శవపెట్టె మూసే ముందు వాళ్ళమ్మ కుడికాలి చెప్పు తెచ్చి అతని పక్కన పెట్టింది. పాస్టరుగారు చూసి, పక్కకు జరిగి చోటిచ్చారు. సన్నగా వాన పడుతూనే ఉంది.

ఎవరైనా మా ప్లాను తెలిసి, మా కోసం ఎదురు చూడదలిస్తే, ఆ కుంట దగ్గర చూడాలి. ఇరవై ఒకటో మైలు దగ్గర ఆపుతానని నేను ఎవరికీ చెప్పలేదు. బ్రేకు మీద కాలు వేసే నిమిషం ముందు దాకా నాకే తెలియదు. ఆయన బండ మీద కూర్చునే సమయానికి నేను వింజమూరులో టీ తాగుతూ, పూర్తిగా ముప్పై రెండు మైళ్ళూ వెళదామనే అనుకుంటున్నాను.

ముప్పై రెండులోంచి ఇరవై ఒకటి తీసేస్తే పదకొండు. లెక్కల్లో డిగ్రీ ఉన్నవాణ్ణి, అంతవరకు చేయగలను. దాని తర్వాతి మెట్టు దగ్గర ఇన్నేళ్ళుగా ఆగిపోయి ఉన్నాను.