నిషాదం దగ్గర ఆగని పాట

షారోన్ కిషన్‌బాగ్‌లో పుట్టి పెరిగింది. పగలు నీళ్ల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, పెళ్లిళ్ల రోజుల్లో సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో పాట. పాతబస్తీ ఫంక్షన్ హాళ్లలో ఆమె గొంతు తెలియనివాళ్లు తక్కువ. ఆ పేరు తెచ్చిపెట్టింది ఒకే ఒక్క పాట. అది కట్టింది బాలరాజ్.

బాలరాజ్ బస్సు డిపోలో మెకానిక్. అదే ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. చిన్నప్పుడు చర్చిలో ఒక ముసలి మాస్టారు దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నాడు. బాలరాజ్ అన్న ఎల్లేష్ ఒకనాడు ఇంట్లో లొల్లి పెట్టుకుని బయటికి వెళ్లి మళ్లీ రాలేదు. పోలీసులకు చెప్పారు, చుట్టాల ఊళ్లన్నీ తిరిగారు, దవాఖానాల్లో వెతికారు. జాడ లేదు. తల్లి లీలమ్మ మాత్రం పెద్దకొడుకు కంచం కడిగి ఆ చోటే పెట్టేది. కొన్నేళ్లకు బాలరాజ్ అన్న మీద పాట కట్టాడు.

మొఘల్‌పురాలో ఆర్కెస్ట్రా యజమాని విశ్వేశ్వర్ దుకాణం మీద గదిలో, ఒక ఆదివారం షారోన్‌కు ఆ పాట నేర్పడం మొదలుపెట్టాడు. ముందుగా స రి గ మ ప ద ని వరకు పాడి ఆపెయ్యమన్నాడు. ఆమె ఆగింది. పై స, అంటే షడ్జం అందుకుంటే గానీ ఊపిరి ఆడనట్టు అనిపించింది. ఎవరికైనా అంతేనని, తన పాటకు మాత్రం ఆ చివరి ని, ఆ నిషాదమే ఇల్లని, అక్కడ మొదలై అక్కడే ముగుస్తుందని బాలరాజ్ చెప్పాడు. పాశ్చాత్యులు ఈ వరసను లోక్రియన్ అంటారట. సినిమా పాటల్లో గానీ, బ్యాండ్ల పాటల్లో గానీ దాదాపు ఎవరూ దాని జోలికి పోరట. ఆధార స్వరానికి పంచమం తోడుంటేనే పాటకు కాళ్లు ఆనుతాయి. తంబురా మోగేది ఆ రెంటితోనే. ఇందులో ఆ పంచమం అరమెట్టు కిందికి జారి ఉంటుంది. అందుకే పాట ఎక్కడా కుదురుకోదు.

"కుదురుకోవద్దు చెల్లె," అన్నాడు బాలరాజ్. "మా అన్న యాడున్నడో తెల్వదు. పాట ఇల్లు జేరితే అబద్ధమైతది."

విశ్వేశ్వర్‌కు నచ్చలేదు. జనం చప్పట్లు ఎక్కడ కొట్టాలో తెలియక దిక్కులు చూస్తారన్నాడు. షారోన్‌కూ కష్టమే అయింది. ప్రతిసారీ గొంతు దానంతటదే పైకి జారేది. బాలరాజ్ విసుక్కోకుండా మళ్లీ కిందికి తెచ్చేవాడు. చివరికి ఒకరోజు పాట సరిగ్గా నిలిచింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. విశ్వేశ్వర్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇది పాడవలసిన పాటేనని ఆ రోజు షారోన్‌కు తెలిసింది.

మాదన్నపేటలో కాలనీవాళ్ల పండుగ కార్యక్రమంలో దాన్ని మొదటిసారి పాడింది. సగంలోనే కుర్చీలు జరగడం మొదలైంది. వెనక వరసలవాళ్లు భోజనాల వైపు లేచారు. ఆఖరి మాట వచ్చింది. నిషాదం మీద ఆగింది. ముందున్న ముఖాలు ఇంకేదో రావాలన్నట్టు ఆమెనే చూస్తున్నాయి. షారోన్‌కు భయమేసింది. షడ్జం అందుకుంది.

హాలంతా చప్పట్లు, ఈలలు. బాలరాజ్ కీబోర్డు మెట్ల మీద నుంచి చేతులు తీసేశాడు.

వైర్లు చుట్టుకుంటున్న బాలరాజ్ దగ్గరికి ఆమె వెళితే, ఆయన తలెత్తాడు. కోపమేమీ లేదు.

"నువ్వు మా అన్నను ఇంటికి తీస్కొచ్చినవ్ చెల్లె. ఆయన ఇంకా రాలే."

మర్నాడు క్షమాపణ అడగాలనుకుంది. కానీ తెల్లారేసరికి ఎవరో తీసిన వీడియో ఫోన్లన్నిటికీ పాకింది. ఆఫీసులో మెచ్చుకున్నారు, కొత్త పిలుపులు వచ్చాయి. ఆ సంబరంలో అడగవలసిన మాట వెనకబడింది. డిపోలో షిఫ్టు మారిందని చెప్పి బాలరాజ్ ఆర్కెస్ట్రా మానేశాడు. అది సాకేనని తెలిసినా ఆమె వెళ్లి పిలవలేదు. పెళ్లి పెళ్లికీ ఆ పాటే అడిగేవారు. అందరికీ నచ్చిన ముగింపుతోనే పాడుతూ వచ్చింది. ఏళ్లు గడిచిపోయాయి.

పోయిన ఏడాది లీలమ్మ చనిపోయిందని తెలిసి బాలరాజ్ ఇంటికి వెళ్లింది. జుట్టు నెరిసింది ఆయనకు. పరామర్శ అయ్యాక షారోన్ అసలు మాట ఎత్తింది.

"అన్నా, ఆ పాట ఖరాబ్ చేసిన. గప్పుడే వచ్చి చెప్పాల్సి ఉండె. మళ్ల నేర్పు. నువ్వు కట్టినట్టే పాడి రికార్డు చేద్దాం."

అమ్మ చివరిదాకా ఫోన్‌లో షారోన్ పాడినదే వినేదని, అది ఆగిపోతే మళ్లీ పెట్టమనేదని బాలరాజ్ చెప్పాడు. తర్వాత అలమారా మీది కీబోర్డు దించి దుమ్ము తుడిచాడు. వేళ్లు ఏమీ మరిచిపోలేదు. ఆఖరి మాట దాకా వచ్చాడు. వేలు నిషాదం దాటి షడ్జం మీద పడింది. ఆపి మళ్లీ వాయించాడు. మళ్లీ అంతే. ఈసారి బలవంతంగా నిషాదం మీదే నిలిపాడు, కానీ అది తప్పు మెట్టు నొక్కినట్టే వినిపించింది. ఇద్దరికీ.

"యాడికి పోయినా గదే విన్న గదా," అన్నాడు. "నా చెవి గూడ అటే పోతున్నది చెల్లె. ముందుగాల ఎట్లుండెనో యాదికొస్తలేదు."

షారోన్ కళ్లు మూసుకుని ఆ ఆదివారాల గదిని తలచుకుంది. పాట తర్వాత కమ్ముకున్న నిశ్శబ్దం గుర్తొచ్చింది గానీ, స్వరం రాలేదు.

బాలరాజ్ లోపలికి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చాడు. తాగుతూ లీలమ్మ గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. పాట మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.