కొబ్బరిచెట్టు ప్రశ్నకి భాస్కరం మాస్టారి జవాబు

నిన్న పొద్దున్న మా అమ్మాయి దుర్గ ఫోన్ చేసి, "నాన్నా, భాస్కరం మాస్టారు పోయేరు" అంది.

టీ గ్లాసు కింద పెట్టేశాను.

మొన్న ఆదివారమే కదా తాటిపాకలో గంటసేపు మాట్లాడి అందర్నీ నవ్వించారు.

నేను ఐదో క్లాసు దాకానే చదివాను. చెట్లెక్కి కొబ్బరికాయలు కోసి, అంటే దింపులు తీసి బతికినవాణ్ణి. ఇలాంటివి రాయడం రాదు. అయినా ఈయన గురించి రాయకుండా ఉండలేను.

మాస్టారు సైన్స్ టీచర్. స్కూలు అయ్యాక ఊరూరా తిరిగి, ఎవరు ఏది కనిపెట్టారో, ఎక్కడ బోల్తా పడ్డారో సినిమా కథలా చెప్పేవారు.

దుర్గ ఎనిమిదో క్లాసులో ఉండగా మామిడికుదురులో ప్రోగ్రాం పెట్టారు. ఇటలీలో పంపులు ఒక ఎత్తు దాటి నీళ్లు లాగలేకపోయిన కథ చెప్పి, "ఎంత మొనగాడైనా ముప్పై నాలుగు అడుగులు దాటించి నీళ్లు పీల్చలేడండి. ఎవరైనా వస్తారా?" అన్నారు.

నేను లేచాను.

రంగునీళ్ల బకెట్‌లో ఒక కొస ఉంచి, సన్నటి ప్లాస్టిక్ పైపు రెండో కొస పట్టుకుని పక్కనున్న నలభై అడుగుల కొబ్బరిచెట్టెక్కాను. దవడలు లాగేసేలా పీల్చాను. నీళ్లు సగం చెట్టు దాకా వచ్చి ఆగిపోయాయి.

"ఏం సత్తిబాబూ, బొండంలో స్ట్రా అనుకున్నావా?" అన్నారు కింద ఎవరో. జనం ఒకటే నవ్వు.

స్కూలు పిల్లల్లో కూర్చున్న దుర్గ తల దించేసుకుంది. నాన్న దింపులు తీస్తాడని స్కూల్లో ఎవరికీ చెప్పుకోలేదు ఆ పిల్ల. ఆరోజు అందరికీ తెలిసిపోయింది. నాకు ప్రాణం చచ్చినట్టయింది.

దిగాక ఉక్రోషం ఆగక అడిగేశాను. "నేను పీల్చలేకపోయేను, సరేనండి. మరి ఈ చెట్టు రోజూ అంతెత్తుకి నీళ్లెలా తెచ్చుకుంటోందండి? దీనికి పంపు ఎవరు పెట్టేరు?"

మళ్లీ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. తలెత్తి చెట్టు చివరనున్న మొవ్వు వైపు చూశారు.

"ఆయ్, నాకు తెలీదండి సత్తిబాబు గారూ. చదువుకొచ్చి చెబుతాను."

అందరి ముందూ. మైకులో.

వారం తిరక్కుండా సైకిలేసుకుని మా ఇంటికే వచ్చారు. అరుగు మీద కూర్చుని నాకూ దుర్గకీ చెప్పారు. ఎండకి ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతూ ఉంటుందట. దాని వెనకాల నీరు, బొట్టుని బొట్టు వదలకుండా పట్టుకుని, తెగని దారంలా వేరు దగ్గర్నించి పైకి వస్తుందట.

"ఇన్నేళ్లలో నన్నెవరూ ఇది అడగలేదమ్మా. మీ నాన్నగారే అడిగేరు" అన్నారు దుర్గతో.

అప్పుడు నా బిడ్డ నా వంక చూసిన చూపు ఎలా రాయాలో నాకు తెలీదు.

ఆ తర్వాత ఏ ఊళ్లో మాట్లాడినా నా పేరు పెట్టి ఆ సంగతి చెప్పేవారు. దుర్గ సైన్సే చదివి లెక్చరర్ అయింది. సెలవొస్తే మాస్టారితో వెళ్లి తనూ మైకు పట్టుకునేది. నేను ముందు వరసలో కూర్చుని పొంగిపోయేవాణ్ణి.

నిన్న మాస్టారి ఇంటికి దుర్గ కాలేజీ వాళ్లు చాలామంది వచ్చారు. దుర్గ నా చెయ్యి పట్టుకుని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, "మా నాన్నండి. దింపులు తీసేవారు. ఆ చెట్టు ప్రశ్న అడిగింది ఈయనేనండి" అంది.

చావింట్లో సంతోషపడకూడదంటారు. నేను పడ్డాను. మీరు కోప్పడరని తెలుసు మాస్టారూ.

ఇక వెళ్లిరండి. చాలా ఊళ్లు తిరిగి అలిసిపోయారు. మీ ప్రాణం చల్లగా, హాయిగా ఉండాలి.