అక్క జబ్బుకి నా రక్తం

మొన్న గురువారం మధ్యాహ్నం చేపలు వేయిస్తుండగా ఊరి నుంచి ఫోనొచ్చింది. అక్క కూతురు. "అమ్మ పోయింది పిన్నీ" అంది. మూకుట్లో ముక్కలు మాడి పొగ లేస్తే మామా కేకలేసుకుంటూ వంటింట్లోకి వచ్చింది. ఫహాహీల్‌లో ఈ గల్ఫ్ ఊళ్ళో, నేను పనిచేసే ఇంటావిడ ఆమె. ఇక్కడి పనివాళ్ళందరం ఇంటావిడని మామా అనే పిలుస్తాం. ఈమె మంచిదే. నా ముఖం చూసి, పొయ్యి కట్టేసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. నాకు మాత్రం చేతికందిన దాన్నల్లా పగలగొట్టాలనిపించింది.

అక్క నా తోడబుట్టింది కాదు. జాబ్రియాలో నేను మొదట చేరిన ఇంట్లో వంటమనిషి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు, ఆమెకు ముప్పై దాటాయి. ఇద్దరిదీ గోదావరి పక్కే, ఇద్దరం ఆదివారం గుడికెళ్ళే ఇళ్ళ వాళ్ళమే. మొదటిరోజు చెంపదెబ్బ తిని నేను పొయ్యి దగ్గర ఏడుస్తుంటే నా చేతిలో గరిటె లాక్కుంది. "ఏడుపు అన్నం వార్చాక ఏడు. ఇప్పుడేడిస్తే కూరలో ఉప్పెక్కువైందని మళ్ళీ కొడతారు" అంది. ఓదార్పు అంటే ఆమెకు తెలిసింది అంతే.

ఆ ఇంట్లో కొట్టడానికి కారణం అక్కర్లేదు. చెప్పు, రిమోట్, తాళాల గుత్తి, ఏది దొరికితే అది. ఒకనాడు తెల్ల చొక్కా మీద మరక పడేలా ఇస్త్రీ చేశానని ఆ మామా పెట్టె లాక్కుని నా ముంజేతి మీద ఆనించింది. చర్మం కాలిన వాసన ముందు వచ్చింది, నొప్పి తర్వాత వచ్చింది. అక్క వంటింట్లోంచి ఒక్క ఉదుటున వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుని మెలితిప్పింది. పెట్టె నేలమీద పడింది. ఈలోగా పెద్దకొడుకు వచ్చాడు. తలగుడ్డ జారకుండా వాళ్ళు పెట్టుకునే నల్లతాడు తీసి అక్కని వీపు మీద, మెడ మీద, ముఖం మీద కొట్టాడు. అక్క కింద పడలేదు. అతని చెయ్యి దొరకబుచ్చుకుని కొరికింది. అతను వెనక్కి తగ్గి రొప్పుతుంటే నోట్లోని రక్తం ఉమ్మేసి, "ఖలాస్?" అని అడిగింది. అంతేనా, అయిపోయిందా అని.

ఆ సాయంత్రమే బట్టలుతికే గది కిటికీలోంచి దూకి పారిపోయింది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటాయన, పరారీ కేసు పెట్టాడు. నా చేతి మీద మచ్చ ఎవరైనా చూస్తారని భయపడి నన్ను మాత్రం గుట్టుగా వేరే ఇంటికి మార్చేశారు, కాగితాలన్నీ సక్రమంగా రాసిచ్చారు. నాకు ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, మిగిలింది. నా కోసం తన్నులు తిన్న మనిషికి పాస్‌పోర్ట్ నకలు తప్ప చేతిలో కాగితమన్నది లేకుండా పోయింది. ఎనిమిదేళ్ళు అలాగే బతికింది, ఫర్వానియాలో ఒక గదిలో ఐదుగురు ఆడవాళ్ళతో, గంటల లెక్కన పాచిపనులు చేసుకుంటూ. శుక్రవారం నాకు సెలవు. బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్ళేదాన్ని. ఒకసారి మెట్ల మీద కొత్తగా వచ్చిన పిల్ల చెయ్యి ఎవడో పట్టుకుంటే అక్క అప్పడాల కర్రతో వాడి ముక్కు పగలగొట్టింది. కర్ర కడుక్కుంటూ నాతో, "దెబ్బ మర్చిపోయినా పర్లేదే. కొట్టిన చెయ్యి మర్చిపోకూడదు" అంది.

అలాంటి మనిషి దగ్గడం మొదలుపెట్టింది. రెండు నెలలకి గుడ్డలో రక్తం పడింది. ఆసుపత్రిలో అడుగు పెట్టాలంటే బతాకా కావాలి, ఫొటో ఉండే గుర్తింపు కార్డు. నాదిచ్చాను. ఇద్దరివీ గుండ్రటి ముఖాలే, తలకి గుడ్డ చుట్టి ముక్కుకి మాస్కు కట్టాక ఎవరు పట్టుకుంటారు? ఆసుపత్రిలో ఆమె నా పేరుతో సునీత అయింది, నేను సునీత చెల్లెల్నయ్యాను. సూదితో ముక్క తీసి చూశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్.

డాక్టరుగారు హైదరాబాదాయన, నెమ్మదస్తుడు. ముక్క చాలా చిన్నది, జబ్బు పేరు తేల్చడానికే అయిపోయిందన్నారు. మళ్ళీ పొడిస్తే ప్రమాదం, రక్తంతోనే ఇంకో పరీక్ష చేయిస్తాను, అది చూశాకే ఏ మందో నిర్ణయిస్తానన్నారు. మాకు అర్థమైంది మాకు తెలిసినంతే. గల్ఫ్‌కి వచ్చేవాళ్ళెవరికైనా రక్తపరీక్ష అంటే మెడికల్. రక్తం బాగుంటే పాస్, లేకపోతే ఇంటికి. మా గదుల్లో మెడికల్ రోజున ఒకరి బదులు ఇంకొకరు చెయ్యి చాపడం కొత్తేమీ కాదు.

రక్తం తీసే గదిలో ఆ రోజు కొత్తామె కూర్చుంది. వరసగా అందరి మాస్కులూ తీయించి కార్డుతో పోల్చి చూస్తోంది. మా ముందు నలుగురే ఉన్నారు. అక్క నా మోచెయ్యి గిల్లింది. వరసలో ఇద్దరం చోట్లు మారాం. నేను మాస్కు తీశాను, కార్డు చూపించాను, చెయ్యి చాపాను. రెండు గొట్టాల నిండా నా రక్తం తీసుకున్నారు. బయటికొచ్చాక ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. నా రక్తం కుర్రది, శుభ్రమైనది, అక్కకి మంచి రిపోర్టు వస్తుందని నేను గొప్పలు కూడా పోయాను.

వచ్చింది. రక్తంలో ఏమీ కనబడలేదన్నారు. పాసైపోయాం అనుకున్నాం. గదిలో ఆడవాళ్ళకి నేను చాక్లెట్లు పంచాను, అక్క ప్రార్థన చేయించింది. ఆ మర్నాటి నుంచి డ్రిప్పులు మొదలయ్యాయి.

ఆ మూడు నెలల్ని నేను మర్చిపోను. మందు ఎక్కిన మూడోనాటికి అక్క పసరు కక్కేది, తర్వాత రక్తపు చారలు కక్కేది. అరుపు బయటికి రాకుండా తువ్వాలు నోట్లో కుక్కుకునేది. జుట్టు పిడికిళ్ళతో ఊడి వస్తే అద్దాన్ని గుద్ది పగలగొట్టింది. పిడికిలిలో గాజుముక్కలు నేనే ఏరాను. ఎవడి చేతిలోనూ పడని మనిషి ఒక సీసా ముందు పడిపోయింది. గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంది.

కొత్త స్కాను చూసి డాక్టరుగారు అక్కని బయట కూర్చోబెట్టి నన్ను పిలిచారు. ఎన్నడూ పొగ తాగని ఇలాంటి ఆడవాళ్ళలో చాలామందికి గడ్డలో ఒక జన్యువు మారి ఉంటుందట. అది గడ్డని పెరుగు పెరుగు అని తరుముతూ ఉంటుంది. గడ్డ తన తునకల్ని రక్తంలోకి వదులుతుంది కాబట్టి రక్తంలో ఆ మార్పు కోసం వెతుకుతారు. దొరికితే రోజుకో బిళ్ళ చాలు. దొరక్కపోతే ఈ డ్రిప్పులే. "మీ అక్కగారికి ఉంటుందనే అనుకున్నానమ్మా, మన దురదృష్టం" అన్నారు. ఆయన వెతికించింది నా రక్తంలో.

గదికి వచ్చాక అక్కకి చెప్పాను, రేపు వెళ్ళి ఆయన దగ్గర నిజం ఒప్పుకుంటానన్నాను. నిలబడలేని మనిషి మంచం మీంచి లేచి నా గొంతు పట్టుకుంది. "నోరెత్తావంటే సంపేత్తాను. నీకు జైలు, నాకు బిళ్ళానా?" అంది. ఊపిరాడక, జీవితంలో మొదటిసారి ఆమె మీద చెయ్యెత్తాను. ఆ దెబ్బకి ఆమె గోడకి కొట్టుకుని కింద కూలబడింది. లేవలేదు. ఎముకల మూటలా ఉంది. నేనూ పక్కనే కూలబడి, కొట్టిన నా చేతిని నేలకేసి బాదుకున్నాను.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. నేను చెప్పాను, పోలేదు. ఆ నెమ్మదస్తుడైన డాక్టరు ఫైలు ఎత్తి బల్ల మీద విసిరికొట్టారు. "మీ ఆరోగ్యం చూసి నేను ఆవిడకి మందు రాశాను. మూడు నెలలు! మీకు అర్థమవుతోందా?" అన్నారు. అర్థమైంది. పోలీసుల్ని మాత్రం పిలవలేదు. ఆ కార్డు మీద ఇక ఒక్క సూది కూడా వెయ్యనని, ఆ ఫైలు ఇక్కడితో ఆపేస్తానని, ఆవిడ రక్తం ఆవిడ పేరు మీదే బయటి ల్యాబులో ఇవ్వమని చెప్పారు. పాస్‌పోర్ట్ నకలు పట్టుకుని వెళ్ళాం. ఈసారి అక్కే చెయ్యి చాపింది. రెండు వారాలకి రిపోర్టు వచ్చింది. మార్పు ఉంది.

అయితే కార్డు లేని మనిషికి ఇక్కడ ఆ బిళ్ళ దొరకదు. ఊరెళ్ళాలి. ఊరెళ్ళాలంటే పరారీ కేసున్న మనిషి తనంతట తాను పోలీసులకి లొంగిపోవాలి. అక్క డాక్టరుగారి ఉత్తరం, రిపోర్టు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను. కార్డు సంగతి నేనే చెప్పేస్తాను, ఆమె ఒక్కతే ఎందుకు మొయ్యాలి అనుకున్నాను. స్టేషన్ గేటు దగ్గర అది గ్రహించింది కాబోలు, ఆగి నా వైపు తిరిగింది. తిరుగుతూనే కొట్టింది. ఆ ఒంట్లో అంత బలం ఎక్కడ దాచుకుందో, నా పెదవి పంటికి తగిలి చీలిపోయింది. ఈ పిచ్చిది ఎవరో నాకు తెలీదు, దారి పొడుగునా వెంటపడుతోందని అరబ్బీలో గార్డు మీద అరిచింది. అతను నన్ను రెక్క పట్టి రోడ్డు మీదకి నెట్టేశాడు. అక్క వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. నేను తిన్న దెబ్బలన్నిటిలో గొప్ప దెబ్బ అదే.

మూడు వారాలు లోపలుంచి విమానం ఎక్కించారు. ఊళ్ళో బిళ్ళ మొదలుపెట్టిన నెలకి దగ్గు తగ్గింది, మెట్లెక్కింది. ముఖం నిండా మొటిమలు, గోళ్ళ మూలల్లో పుళ్ళు. ఆ బిళ్ళ గుణం అదేనట. "ఈ వయసులో నాకు మొటిమలేంటే, ఊళ్ళో కుర్రాళ్ళు చూత్తన్నారు" అని ఫోన్లో తిట్టేది. రెండేళ్ళు బతికింది. కూతురి పెళ్ళి చేసింది, పొలం గట్టు జరిపిన మరిదిని కొట్టింది. తర్వాత గడ్డ ఆ బిళ్ళకి లొంగడం మానేసింది. ఆ మూడు నెలల గురించి నన్ను క్షమించమని చాలాసార్లు అడిగాను. "ఆ మాటింకోసారెత్తితే ఫోన్లోంచొచ్చి కొడతాను" అనేది. క్షమించానని మాత్రం ఎప్పుడూ అనలేదు. తప్పు జరిగిందని ఒప్పుకుంటేనే కదా క్షమించడం.

ఇది అచ్చయ్యేసరికి నేను ఇఖామా రద్దు చేసుకుని ఇంటికి చేరి ఉంటాను. అందుకే ఏదీ దాచకుండా రాస్తున్నాను.

ఫోనొచ్చిన నాలుగోనాటికి నాకు జ్వరం తగిలింది. మామా నన్ను క్లినిక్‌కి పంపింది. డాక్టరమ్మ నా కార్డు నంబరు కొట్టి తెర చూసి ఉలిక్కిపడింది. నా వైపు తిప్పింది. నా పేరు కింద ఛాతీ ఎక్స్‌రే. ఇది నీదేనా అని అడిగింది. నాదేనన్నాను. ఇంత గడ్డతో ఎలా బతికావంది. ఆమె తెర మూసెయ్యబోతే, ఒక్క నిమిషం ఉంచమని బతిమాలాను. ఎక్స్‌రే తీసేటప్పుడు ఊపిరి బిగబట్టమంటారు కదా. తెల్లటి పక్కటెముకల మధ్య అక్క ఇంకా ఊపిరి బిగబట్టే ఉంది.