తెనాలి ఫైనల్లో నేను తువ్వాలు విసిరిన సంగతి

తెనాలిలో కిక్‌బాక్సింగ్ పోటీలున్నాయి, నువ్వు రావాల్సిందేనని మా తమ్ముడు ఫోను మీద ఫోను చేస్తే, మోకాళ్ళ నొప్పులను పక్కనపెట్టి పోయిన ఆదివారం బాపట్లలో రైలెక్కాను. వాడిప్పుడు రేపల్లెలో పిల్లలకి ఆ విద్య నేర్పుతున్నాడు. నాకు మూడో వరుసలో ఫ్యాను కింద కుర్చీ వేయించి తన పనిలో పడ్డాడు. ఎదురుగా తాళ్ళు బిగించిన రింగు, దాని మూలల్లో భుజాన తువ్వాళ్ళతో నిలబడ్డ మనుషులు. చూస్తుంటే, ముప్ఫై ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో అలాంటి మూలలో నేను నిలబడ్డ రోజు కళ్ళముందుకొచ్చింది.

ఆ రోజు మా తమ్ముడి ఆటని నేను ఆపేశాను. వాడు గెలుస్తుండగా ఆపేశాను. అప్పుడు ఆ హాల్లో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, నన్ను తిట్టినవాళ్ళలో మీరూ ఉండొచ్చు, ఏమీ అనుకోను. అప్పుడు చేసిందే ఇవాళైనా చేస్తాను.

అప్పటికి నాన్న పోయి నాలుగేళ్ళు. అమ్మా తమ్ముడూ రేపల్లెలో ఉండేవారు, నేను బాపట్లలో ఒక ఆసుపత్రిలో నర్సుని. తమ్ముడు రైసుమిల్లులో పనిచేస్తూ, వారానికి రెండుసార్లు బాపట్ల వచ్చి అక్కడి మాస్టారి దగ్గర నేర్చుకునేవాడు. సూర్యలంక సముద్రపొడ్డు ఇసుకలో పరిగెత్తి పరిగెత్తి వాడి పిక్కలు రాళ్ళలా తేలాయి. గ్లవ్స్ తొడిగేముందు చేతులకి గుడ్డపట్టీలు చుట్టే పని నాది. కట్లు కట్టడం అలవాటైన చేతులు కదా, మాస్టారి మిగతా శిష్యులు కూడా నా ముందుకొచ్చి చేతులు చాపేవారు.

తెనాలి పోటీకి ఎనిమిది మంది వచ్చారు. అంతా ఒక్క రోజులోనే. ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు తర్వాతి ఆటకి. మూడు ఆటలు వరసగా గెలిచినవాడికి చెన్నైలో పెద్ద పోటీల్లో ఆడే అవకాశం. మా తమ్ముడు రెండేళ్ళుగా ఆ ఒక్క మాటే కలవరించాడు. తీరా రెండు రోజులుందనగా మాస్టారు స్కూటరు మీదనుంచి జారిపడి, కాలికి సిమెంటు కట్టుతో మంచానపడ్డారు. వాణ్ణి కనిపెట్టుకుని మూలలో నిలబడటానికి నేను తప్ప వేరే దిక్కు లేకపోయింది. చూడటానికి వెళితే ఆయన తెల్లటి తువ్వాలొకటి నా చేతిలో పెట్టారు.

“ఇది రింగులో పడిందంటే ఆట ఆగిపోద్దమ్మా, మనం ఓడినట్టే. ఎప్పుడు వెయ్యాలో వాణ్ణి అడగొద్దు. ఎవర్నీ అడగొద్దు.”

మొదటి ఆట నిమిషంలో ముగించేశాడు. రెండో ఆటలో చెవి పైన గట్టి తన్ను తగిలి కిందపడ్డాడు గాని, రెఫరీ ఆరు లెక్కపెట్టేలోపు లేచి, పట్టుబట్టి గెలిచాడు. తర్వాత సగం అరటిపండు తిని వాంతి చేసుకున్నాడు. ఎండకేలే అక్కా అన్నాడు, నేనూ ఎండకే అనుకున్నాను. నర్సునై ఉండి అక్కడే పట్టుకోవాల్సింది. వాడు ఫైనల్‌కి వచ్చాడన్న సంబరం నా కళ్ళు కప్పేసింది. నేను ఒప్పుకునే తప్పు అదొక్కటే.

ఫైనల్లో ఎదుటివాడు పేరాల నేతపనివాళ్ళ ఇంటి అబ్బాయి. చిన్నప్పట్నుంచీ మగ్గం తొక్కిన కాళ్ళేమో, వాడి తన్ను తగిలితే చప్పుడు చివరి వరుసదాకా వినపడేది. అయినా మొదటి రెండు రౌండ్లూ మావాడిదే పైచెయ్యి. రెండో రౌండు అయిందని గంట కొట్టగానే మా తమ్ముడు నా వైపు రాకుండా తిన్నగా పేరాల అబ్బాయి మూలకెళ్ళి వాడి స్టూలు మీద కూర్చున్నాడు. పొగరుగా ఆటపట్టిస్తున్నాడనుకుని హాలంతా ఈలలు, నవ్వులు. రెఫరీ కూడా నవ్వుతూనే తీసుకొచ్చి నాకప్పగించాడు.

మొహం తుడుస్తుంటే వాడు నా భుజం మీదుగా జనంలోకి చూస్తూ అడిగాడు.

“నాన్న ఎక్కడ కూర్చున్నాడక్కా? కనబడ్డంలేదేంటి?”

తుడవడం ఆపాను. “ఇది ఏ ఊరురా?” అన్నాను.

“రేపల్లె.”

“ఎన్నో రౌండు?”

“ఇంకా మొదలవలేదుగా.”

గంట కొట్టారు. వాడు అలవాటుగా లేచి నిలబడి చేతులు పైకెత్తాడు. నేను తువ్వాలు విసిరేశాను.

ఆ తర్వాత హాల్లో లేచిన గోల నేను మాటల్లో చెప్పలేను. కుర్చీలు బాదారు, ఆడదాన్ని మూలలో పెడితే ఇంతేనన్నారు. పోటీ పెట్టినాయన పరిగెత్తుకొచ్చి, “ఏంటండీ ఇది? మీవాడే గెలుస్తున్నాడు కదండీ!” అన్నాడు.

“తెలుసండి. కారు పిలవండి.”

తమ్ముడు నా వంక చూసిన చూపు మాత్రం ఎవరి తిట్లకన్నా ఎక్కువ తగిలింది.

గుంటూరులో డాక్టరు, మెదడు అదిరి లోపల కొంచెం రక్తం చిమ్మిందని, ఇంకో దెబ్బ తగిలుంటే తను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదని చెప్పారు. పదకొండు రోజులు ఉంచారు. పేరాల అబ్బాయి వాళ్ళమ్మతో కలిసి వేటపాలెం జీడిపప్పు తీసుకుని చూడటానికొస్తే, మావాడు వాళ్ళతో నవ్వుతూ మాట్లాడాడు. అన్నం తినిపిస్తున్న నాతో మాత్రం మాట్లాడలేదు. ఇంటికెళ్ళాక కూడా అంతే, ఎనిమిది నెలలు. బాపట్ల వచ్చి మాస్టారింట్లో కూర్చుని, నా గుమ్మం తొక్కకుండా వెళ్ళిపోయేవాడు. తప్పయిందని ఒక్క మాట అనవే అని అమ్మ నన్ను బతిమాలింది. చెయ్యని తప్పుకి ఎలా అననమ్మా అన్నాను. అనలేదు కూడా. పంతమనుకున్నారు అందరూ, అనుకోనిచ్చాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆసుపత్రిలో రోగులు కూర్చునే బెంచీ మీద వాడు కనిపించాడు. ఫోటో స్టూడియో వాళ్ళు ఆ పోటీని వీడియో తీశారట, క్యాసెట్టు ఎలాగో సంపాదించి ముందురోజు చూశాడట. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

“వాడి స్టూలు మీద కూర్చున్నానక్కా,” అన్నాడు.

“కూర్చున్నావు.”

“నాకసలు గుర్తే లేదు. తర్వాత నీతో ఏదో అంటున్నాను, మాట వినపడలేదు. ఏమన్నాను?”

అప్పటిదాకా అమ్మకి కూడా చెప్పని మాట వాడికి చెప్పాను. వాడు లేచి క్యాంటీనుకెళ్ళి రెండు టీలు పట్టుకొచ్చాడు. మళ్ళీ ఎప్పుడూ రింగులో ఆడలేదు. నేర్పడం మొదలుపెట్టాడు, ఈ ముప్ఫై ఏళ్ళలో వాడి శిష్యుల ఆటలు వాడే ఎన్నోసార్లు ఆపాడు.

మొన్న చూస్తే అంతా పద్ధతిగా ఉంది. ప్రతి ఆటకీ డాక్టరు, కళ్ళలోకి లైటు వేసి చూడటం, పేరూ ఊరూ అడగటం. సెమీఫైనల్లో కొల్లిపర కుర్రాడొకణ్ణి, గట్టి దెబ్బ తిన్నాడని, డాక్టరు నిమిషంలో ఆపేశారు. ఎవరూ కుర్చీ బాదలేదు, వాదించలేదు; కాగితం మీద సంతకం పెట్టి డాక్టరు తర్వాతి ఆటకి వెళ్ళిపోయారు. మనకాలంలో ఇదంతా ఉంటే ఎంత బాగుండేదోనని నిజంగా సంతోషించాను. వెళ్ళేముందు చూస్తే ఆ కుర్రాడు గోడవారన ఒక్కడే కూర్చుని, ముఖానికి ఐసు ఆనించుకుని ఫోను చూసుకుంటున్నాడు. దగ్గరికెళ్ళి ఏమన్నా తిన్నావా నాయనా అంటే, తిన్నానండి అన్నాడు మర్యాదగా. రైల్లో తిరిగొస్తున్నంతసేపూ వాడే గుర్తొచ్చాడు. ఆట ఆపారని ఎనిమిది నెలలు కోపం పెట్టుకుందామన్నా వాడికి అక్కడ సొంతమనిషంటూ ఎవరూ లేరు.